అడగందే నీళ్లు కూడా రావు: మ్యూనిక్ రెస్టారెంట్లకు కొత్తగా అలవాటు పడుతున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. రాజమండ్రి నుంచి ఉద్యోగం మీద మ్యూనిక్ వచ్చి రెండు నెలలైంది. టీమ్ వాళ్లు భోజనానికి రమ్మంటే వెళ్లావు. నీళ్లు అడిగితే సోడా సీసా తెచ్చి ఆరు యూరోలకు పైగా వేశారు. మాంసం తిననని చెప్పినా సూప్‌లో మాంసం వాసన వచ్చింది. తినడం అయ్యాక ముప్పావు గంట కూర్చున్నా బిల్లు రాలేదు. పక్కనుంచి వెళ్తున్న వెయిటర్‌ని అడిగితే ఏదో అనేసి వెళ్లిపోయాడు. రమ్మని పిలిచినవాళ్లే చివరికి ఎవరి డబ్బు వాళ్లు కట్టుకున్నారు. నువ్వు చిల్లర టేబుల్ మీద పెట్టి లేస్తే మీకు వడ్డించినావిడ దాన్ని చూసి ముఖం అదోలా పెట్టింది. "మనం ఇండియన్స్ కాబట్టే ఇలా చేశారా అక్కా? వచ్చే శుక్రవారం మళ్లీ రమ్మంటున్నారు, ఏదో ఒకటి చెప్పి మానేద్దామనుకుంటున్నా" అని అడిగావు.

మానేయకు, వెళ్లు. నువ్వు చెప్పిన వాటిలో ఒక్కటి కూడా నిన్ను చూసి చేసింది కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను టేబుల్‌కి అటువైపు కూడా నిలబడ్డాను. 2010లో చదువుకోవడానికి వచ్చినప్పుడు మ్యూనిక్‌కి గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్లో, ఒక గాస్ట్‌హౌస్‌లో పనిచేశాను. గాస్ట్‌హౌస్ అంటే ఊరివాళ్లందరూ వచ్చి తిని, తాగి, కబుర్లు చెప్పుకునే పాతకాలపు హోటల్. విదేశీ విద్యార్థులు ఏడాదికి 90 పూర్తి రోజులే పనిచేయాలని అప్పట్లో నిబంధన ఉండేది. ఇప్పుడది 140 రోజులైంది. మొదటి ఏడాది వంటింట్లో గిన్నెలు కడిగాను, రెండో ఏడాది నుంచి ప్లేట్లు మోశాను. నువ్వు పడ్డ బాధ నేనూ పడ్డాను. అవతలివాళ్లు ఎందుకలా చేస్తారో తెలియడానికి మాత్రం ఆ రెండో ఏడాది దాకా పట్టింది.

అసలు తేడా ఒక్కచోటే ఉంది. మన దగ్గర మర్యాద అంటే అడగకముందే పెట్టడం. టిఫిన్ సెంటర్లో కూర్చోగానే స్టీలు గ్లాసులో నీళ్లు వస్తాయి, చట్నీ అయిపోతే గిన్నె పట్టుకుని వాడే వస్తాడు. ఇంటికి వచ్చినవాళ్లకు కొసరి కొసరి వడ్డిస్తాం, వాళ్లు మొహమాటపడి వద్దంటే ఇంకోసారి అడుగుతాం. మూడోసారికి వాళ్లు సరేనంటారు. ఇక్కడ మర్యాద అంటే అడిగేదాకా జోలికి రాకపోవడం. నీ టేబుల్ దగ్గరికి ఊరికే వచ్చి నిలబడితే నీ మాటలకు అడ్డు పడినట్టు. అడగకుండా బిల్లు తెస్తే "ఇక లేవండి" అన్నట్టు. ఒకసారి వద్దన్నావంటే నిజంగానే వద్దనుకున్నావని నమ్ముతారు, రెండోసారి అడగరు. అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దవాళ్లు అన్నది ఈ ఊళ్లో అక్షరాలా నిజం. కానీ అడిగితే చిన్నచూపు చూడరు. అది కూడా అంతే నిజం.

ముందు నీళ్ల సంగతి. ఇక్కడ ఉత్త "వాసర్" అంటే ఎక్కువచోట్ల గ్యాస్ కలిపిన నీళ్లే తెస్తారు. మామూలు నీళ్లు కావాలంటే "ష్టిలెస్ వాసర్" అనాలి. అవీ సీసా నీళ్లే, డబ్బు కట్టాల్సిందే. కుళాయి నీళ్లు కావాలంటే "లైటుంగ్స్‌వాసర్" అని అడగొచ్చు. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు, ఊరికే ఇవ్వాలని ఇక్కడ చట్టం లేదు. నేను పనిచేసినచోట వంటకాల మీద మిగిలేది తక్కువ, పానీయాల మీదే ఇల్లు గడిచేది. నలుగురు వచ్చి రెండు గంటలు కూర్చుని నలుగురూ కుళాయి నీళ్లు అడిగితే యజమాని ముఖం ఎందుకు వాడిపోయేదో లెక్కలు చూశాక అర్థమైంది. అందుకే నా పద్ధతి ఇది: అందరితో పాటు ఏదో ఒక పానీయం తీసుకుని, దానితో పాటు ఒక గ్లాసు కుళాయి నీళ్లు అడుగుతాను. అలా అడిగితే నాకు ఎవరూ కాదనలేదు.

నువ్వు మందు తాగనని రాశావు కాబట్టి "ఆప్ఫెల్‌షోర్లె" అనే పేరు గుర్తుపెట్టుకో. ఆపిల్ రసంలో సోడా కలిపి ఇస్తారు, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా తాగుతారు. జర్మనీ హోటళ్ల చట్టంలో నాకు బాగా నచ్చిన సెక్షన్ ఒకటుంది. మందు అమ్మేచోట కనీసం ఒక మందు లేని పానీయమైనా, అదే కొలతకు, అన్నిటికన్నా చవకైన మందు కంటే ఎక్కువ ధర ఉండకూడదు. తాగనివాడు ఖర్చుకు భయపడి బీరు తీసుకునే పరిస్థితి రాకూడదని అలా పెట్టారు. గ్లాసులు తాకించి "ప్రోస్ట్" అనేటప్పుడు ఒక్కొక్కరి కళ్లలోకి చూడు, చూపు పక్కకు తిప్పితే బాగుండదనుకుంటారు. నీ గ్లాసులో ఆపిల్ రసం ఉందని ఎవరూ అడగరు, తాగమని బలవంతం చేయరు. ఈ ఒక్క విషయంలో మన పెళ్లిళ్ల కంటే ఇక్కడే ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఇప్పుడు బిల్లు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అందరూ దెబ్బతినేది ఇక్కడే.

తినడం అయిపోతే కత్తీ ఫోర్కూ పక్కపక్కన ఆనించి, వాటి పిడులు నీ కుడిచేతి వైపు వచ్చేలా ప్లేటులో పెట్టు. ప్లేటు గడియారం అనుకుంటే పిడులు నాలుగు అంకె దగ్గరుండాలి. అయిపోయింది, తీసేయొచ్చు అని దానర్థం. రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటే ఇంకా తింటున్నావని. ఇది తెలియక మా అమ్మ వచ్చినప్పుడు ప్లేటు గంటసేపు ముందే పెట్టుకుని కూర్చుంది, ఎవరూ తీయలేదని చిన్నబుచ్చుకుంది. ప్లేట్లు తీశాక నీకు ఆర్డర్ రాసుకున్న మనిషి ఎవరో చూసుకో. ఆమెతో చూపు కలిసినప్పుడు చెయ్యి కొంచెం ఎత్తి "త్సాలెన్ బిట్టె" అను. డబ్బు కడతాను, దయచేసి రండి అని. చిటికెలు, ఈలలు, దూరం నుంచి "హలో హలో" అనడం వద్దు. మన దగ్గర "అన్నా", "తమ్ముడూ" అని పిలిస్తే దగ్గరితనం. ఇక్కడ ఆ వరసలు లేవు, "ఎంట్‌షుల్డిగుంగ్" అంటే చాలు, క్షమించండి అని. మాట్లాడేటప్పుడు మన "మీరు" లాంటి "జీ" వాడాలి.

నువ్వు అడిగితే వెళ్లిపోయిన వెయిటర్ అన్నమాట "కొలేగె కొమ్ట్ గ్లైష్" అయ్యుంటుంది. నా తోటి ఉద్యోగి ఇప్పుడే వస్తారు అని. దాని వెనక ఉన్న కథ చెబుతాను. ఇక్కడ వెయిటర్ నడుముకు ఒక పెద్ద నల్లని తోలు పర్సు ఉంటుంది, చూసే ఉంటావు. అందులో నోట్లకు అరలు, చిల్లరకు గిన్నెలాంటి అర. సాయంత్రం మొదలైనప్పుడు చిల్లర కోసం కొంత డబ్బు అందులో పెట్టుకుంటాం. నా టేబుళ్లన్నీ నా పేరు మీద ఉంటాయి, వచ్చిన ప్రతి యూరో నా పర్సులోకే. రాత్రి పదకొండున్నరకు కుర్చీలన్నీ బోర్లించాక మూల బల్ల దగ్గర కూర్చుని పర్సు కుమ్మరించి, యంత్రం ఇచ్చిన చీటీతో సరిచూసుకోవాలి. తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నేనే. నీ టేబుల్ బిల్లు ఇంకొకరు తీసుకుంటే ఇద్దరి లెక్కా చెడుతుంది. అందుకే అతను ఆగలేదు. అతని గొంతు కటువుగానే ఉండొచ్చు, ఆ సమయంలో ఎనిమిది ప్లేట్లు చేతుల్లో ఉన్నవాడు తియ్యగా మాట్లాడలేడు.

ఆమె వచ్చి "త్సుజామెన్ ఓడర్ గెట్రెంట్?" అంటుంది. అందరిదీ కలిపా, విడివిడిగానా అని. విడివిడిగా కట్టడం ఇక్కడ పిసినారితనం కాదు. పన్నెండుమంది ఉన్నా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, నువ్వేం తిన్నావో నీ నోటితోనే చెప్పించుకుని కూడుతుంది. అందుకని ఏం తిన్నావో, ఎన్ని గ్లాసులు తాగావో గుర్తుంచుకో. కొన్నిచోట్ల టేబుల్ మీద బుట్టలో బ్రేట్సెన్ పెడతారు, ముడివేసినట్టుండే ఆ ఉప్పు రొట్టెలు. అవి ఊరికే పెట్టినవి కావు, ఎన్ని తీసుకున్నావో చెప్పి కట్టాలి. ఎవరూ లెక్కపెట్టరు, నీ మాటే నమ్ముతారు.

ఇక టిప్. డాలస్‌లో ఉన్న మీ బావగారు చెప్పిన 20 శాతం ఇక్కడ మర్చిపో. అమెరికాలో టిప్ తీసుకునే ఉద్యోగికి కేంద్ర చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస జీతం 1991 నుంచీ గంటకు 2.13 డాలర్లే. డాలస్ ఉన్న టెక్సస్‌లో ఇప్పటికీ అదే. అక్కడ టిప్ అంటే జీతమే, ఇవ్వకపోతే వాళ్ల ఇల్లు గడవదు. జర్మనీలో వెయిటర్‌కీ అందరి కనీస వేతనమే. 2025లో గంటకు 12.82 యూరోలు ఉండేది, 2026 జనవరి నుంచి 13.90. టిప్ దాని మీద సంతోషంగా ఇచ్చేది, దాని మీద ఉద్యోగి పన్ను కూడా కట్టక్కర్లేదు. ఐదు నుంచి పది శాతం, లెక్క గుండ్రంగా వచ్చేలా ఇస్తే బాగుంటుంది. మెనూలో రాసిన ధరలోనే పన్ను కలిసి ఉంటుంది, కాబట్టి చివర్లో కొత్తగా ఏదీ రాదు.

ఇచ్చే పద్ధతి ముఖ్యం. టేబుల్ మీద వదిలేయకూడదు, మనిషి చేతికే, కట్టేటప్పుడే ఇవ్వాలి. బిల్లు 23.60 అయిందనుకో. ముప్పై యూరోలు చేతికిస్తూ "ఫ్యున్ఫ్ ఉండ్ త్స్వాన్సిష్" అంటావు, ఇరవై ఐదు అని. ఆమె ఐదు తిరిగిచ్చి మిగతాది తను ఉంచుకుంటుంది. ఇచ్చిన నోటు సరిపోతే "ష్టిమ్ట్ జో" అంటావు, అంతే ఉంచుకోండి అని. కార్డు అయితే మెషీన్ నీ ముందు పెట్టకముందే మొత్తం చెప్పు. చిన్న ఊళ్లలో కార్డు తీసుకోనివాళ్లు ఇంకా ఉన్నారు, ఒక యాభై యూరోల నోటు ఎప్పుడూ పర్సులో ఉంచుకో. నువ్వు టేబుల్ మీద వదిలిన చిన్న ఎర్ర సెంట్ నాణేలు ఆమెకు ఎలా అనిపించాయంటే, "నీ సేవకు ఇదే ఎక్కువ" అని చెప్పి వెళ్లినట్టు. నువ్వు ఆ ఉద్దేశంతో పెట్టలేదని నాకు తెలుసు, ఆమెకు తెలియదు కదా.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. నోటు చేతికిస్తూ "డాంకె" అనకు. మనకు ఏదిచ్చినా థాంక్స్ అనేయడం అలవాటైపోయింది. ఇక్కడ ఆ సమయంలో డాంకె అంటే చిల్లర నువ్వే ఉంచుకో అని అర్థం. వచ్చిన మొదటి నెలలో ఒక చిన్న కేఫ్‌లో నా బిల్లు 11.80 అయింది. ఇరవై యూరోల నోటు ఇచ్చి చక్కగా డాంకె అన్నాను. ఆమె కళ్లు మెరిశాయి, "డాంకె షోన్!" అని పర్సు మూసి వెళ్లిపోయింది. పోయినవి 8.20 యూరోలు, అప్పటి లెక్కలో దాదాపు ఐదు వందల రూపాయలు. ఆ డబ్బుతో నాకు వారం కూరగాయలు వచ్చేవి. వెనక్కి పిలిచి అడగడానికి భాష లేదు, ధైర్యం అంతకన్నా లేదు. మోసం చేసిందనుకుని హాస్టల్ దాకా ఏడ్చుకుంటూ నడిచాను. తర్వాత నా నడుముకు ఆ పర్సు వచ్చాక, ఒకరోజు కొత్తగా వచ్చిన కొరియా అమ్మాయి యాభై నోటు ఇచ్చి డాంకె అంది. బిల్లు పద్నాలుగు. నేను పర్సు మూయకుండా "చిల్లర ఇవ్వనా?" అని అడిగాను. ఆ అమ్మాయి ముఖంలో కనపడిన కంగారు నాకింకా గుర్తుంది.

పిలిచినవాళ్లు కట్టలేదన్న సంగతికి వస్తాను. "భోజనానికి వెళ్దామా?" అంటే కలిసి కూర్చుందామని మాత్రమే. నా ఖర్చుతో రా అని చెప్పాలంటే "ఇష్ లాడె డిష్ ఐన్" అని స్పష్టంగా అంటారు. ఆ మాట అన్నవాళ్లు కట్టి తీరతారు. అలా అననప్పుడు నువ్వు బిల్లు లాక్కుని "నేను కడతా, నేను కడతా" అని పట్టుబడితే వాళ్లు సంతోషించరు, అప్పుపడ్డామే అని ఇబ్బంది పడతారు. పుట్టినరోజు అయితే మాత్రం పుట్టినరోజు ఉన్నవాళ్లే అందరికీ ఇప్పించాలి లేదా ఆఫీసుకు కేక్ తేవాలి. నీ పుట్టినరోజు దగ్గర్లో ఉంటే ముందే సిద్ధంగా ఉండు.

శాకాహారం విషయంలో నీ మీద నాకు నిజంగా జాలేసింది, ఎందుకంటే మ్యూనిక్ ఉన్న ఈ బవేరియా రాష్ట్రంలో, మెనూలో మాంసం కనపడకుండా దాక్కుని ఉంటుంది. నువ్వు తాగిన సూప్ పేరు రాయలేదు, కానీ సన్నగా తరిగిన పాన్‌కేక్ ముక్కలు తేలే పారదర్శకమైన సూప్ అయితే అది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసింది. బంగాళాదుంప సలాడ్‌లో ఇక్కడ మయోనైజ్ కాకుండా చాలాసార్లు మాంసం రసం పోస్తారు. ఎర్ర క్యాబేజీ కూరను పంది కొవ్వుతోనో బాతు కొవ్వుతోనో వండుతారు, పుల్లటి క్యాబేజీలో పంది ముక్కలు వేస్తారు. "లేబర్‌కేజె" అనే పేరు చూసి చీజ్ అనుకున్నవాళ్లు నాకు తెలుసు. కేజె అంటే చీజే, కానీ అందులో చీజ్ ఉండదు, పంది, ఆవు మాంసం రుబ్బి రొట్టె ఆకారంలో కాల్చింది అది. వండేవాళ్లకు ఇది మోసంగా తోచదు. వాళ్ల దృష్టిలో మాంసం అంటే ప్లేటులో కనపడే ముక్క, రసం మాంసం కాదు. మా వంటింట్లో పెద్దాయన ఒకరు, ఎంతో మంచి మనిషి, "సూప్‌లో ముక్క లేదు కదా, తినొచ్చు" అని నాకు ప్రేమగా గిన్నె నింపి ఇచ్చేవాడు.

కాబట్టి "వెజిటారిష్" అన్న ఒక్కమాటతో ఆగకు. "ఇష్ ఎసె కైన్ ఫ్లైష్ ఉండ్ కైనెన్ ఫిష్" అను, మాంసం, చేప తినను అని. తర్వాత వంటకం పేరు చూపించి "ఇస్ట్ డా ష్పెక్ ఓడర్ ఫ్లైష్‌బ్రూయె డ్రిన్?" అని అడుగు, ఇందులో పంది ముక్కలు గానీ మాంసం రసం గానీ ఉన్నాయా అని. వెయిటర్‌కి తెలియకపోతే వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వస్తారు. మొహమాటపడాల్సిన పని లేదు, నేను అలా ఒక్క సాయంత్రంలో పదిసార్లు వెళ్లిన రోజులున్నాయి, ఎప్పుడూ విసుక్కోలేదు. ప్లేటు వెనక్కి తీసుకెళ్లడం కంటే ముందే కనుక్కోవడం మాకూ నయం.

గుడ్డు సంగతి వేరు. ఇక్కడ శాకాహారంలో గుడ్డు కలిసే ఉంటుంది. నీకు ఫర్వాలేదంటే కేజెష్పెట్స్‌లె తిను, చిన్న చిన్న గుడ్డు నూడుల్స్‌లో చీజ్ కరిగించి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు, చలికాలంలో ప్రాణం లేచొస్తుంది. రొట్టె ఉండలు పుట్టగొడుగుల క్రీమ్‌తో బాగుంటాయి, వాటిలోనూ గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా వద్దంటే మెనూలో వంటకం పేరు పక్కన చిన్న అక్షరాలు, అంకెలు చూడు. 2014 డిసెంబర్ నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా 14 రకాల అలర్జీ పదార్థాల వివరం ఇవ్వడం తప్పనిసరి. గుడ్డు, పాలు, వేరుశనగ అందులో ఉన్నాయి, ఏ అక్షరం దేనికో మెనూ చివర్లో రాసి ఉంటుంది. కానీ మాంసం ఆ జాబితాలో లేదు, దాన్ని నోటితో అడగాల్సిందే. చికెన్ తిని బీఫ్ తినని స్నేహితులుంటే "రింట్" అంటే ఆవు, "కాల్ప్" అంటే దూడ, "ష్వైన్" అంటే పంది అని చెప్పు. "వీనర్ ష్నిట్సెల్" అనే పేరు దూడమాంసానికే వాడాలి, ఇది చాలామంది చికెన్ అనుకుని తింటారు.

కొన్ని చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. మనం రాత్రి తొమ్మిదికి బయల్దేరతాం. ఇక్కడ చాలాచోట్ల తొమ్మిది, తొమ్మిదిన్నరకే పొయ్యి ఆర్పేస్తారు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా కూడా వేడి వంట దొరకని చోట్లున్నాయి. వారంలో ఒకరోజు మూసేస్తారు, తలుపు మీద "రూహెటాగ్" అని రాసి ఉంటుంది, ఎక్కువగా సోమవారమో మంగళవారమో. ఆరుగురికి టేబుల్ చెప్పి ఎనిమిదిమంది వెళ్లొద్దు, కనీసం ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. రద్దీగా ఉన్నప్పుడు తెలియనివాళ్ల బల్ల దగ్గర ఖాళీ ఉంటే "ఇస్ట్ హియర్ నొఖ్ ఫ్రై?" అని అడిగి కూర్చోవచ్చు. "ష్టామ్‌టిష్" అని చిన్న బోర్డు ఉన్న బల్ల దగ్గర మాత్రం కూర్చోకు, అది ఊరి పాతకాపుల సొంత బల్ల. కాళ్ల దగ్గర కుక్క పడుకుని ఉంటే కంగారు పడకు, యజమానితో వచ్చిందే. మిగిలినది పారేయనివ్వకు, "ఐన్‌పాకెన్ బిట్టె" అంటే పొట్లం కట్టి ఇస్తారు, అందులో నామోషీ లేదు. మీ అక్కావాళ్లు పిల్లలతో వస్తే "రాయ్‌బర్‌టెలర్" అడుగు. దొంగ ప్లేటు అని దానర్థం, అమ్మానాన్నల ప్లేట్లలోంచి పిల్లలు దొంగిలించి తినడానికి ఒక ఖాళీ ప్లేటు. మన పిల్లలు తినే పద్ధతికి అచ్చంగా సరిపోతుంది.

"మనం ఇండియన్స్ కాబట్టేనా" అన్న ప్రశ్నను దాటవేయను. వివక్ష ఇక్కడ లేదని నేను చెప్పను, నాకూ రెండుసార్లు ఎదురైంది. కానీ తేడా తెలుసుకోవడానికి పక్క టేబుల్ చూడు. పక్కనున్న జర్మన్ దంపతులతో కూడా అంతే ముభావంగా ఉంటే అది ఆ మనిషి తీరు, ఈ ప్రాంతపు తీరు. బవేరియాలో వెయిటర్లు నవ్వకపోవడం, చిరాగ్గా కనపడటం పాత అలవాటే, దానికి "గ్రాంటిగ్" అని ఒక మాట కూడా ఉంది. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అని వాళ్ల సామెత. మా యజమానురాలు రెండేళ్లలో నన్ను ఒక్కసారి కూడా బాగా చేశావనలేదు. నేను మానేసే రోజున నా పాత ఏప్రన్ ఉతికి ఇస్త్రీ చేసి, మడతల మధ్య ఒక కవరు పెట్టి చేతికిచ్చింది. పక్క టేబుల్ వాళ్లకు నవ్వుతూ, నీకు మాత్రం ముఖం మాడ్చుకుంటే అప్పుడు యజమానిని పిలిపించి అడుగు, మళ్లీ అక్కడికి వెళ్లకు.

శుక్రవారానికి ఇలా చెయ్యి. ఈ రోజే మీ టీమ్ లీడ్‌ని ఏ రెస్టారెంటో అడుగు, ఆన్‌లైన్‌లో మెనూ చూసి రెండు వంటకాలు ఎంచుకుని, ఫోన్ చేసి మాంసం రసం ఉందేమో కనుక్కో. ఇంగ్లీషులో అడిగినా చెబుతారు. సమయానికి ఐదు నిమిషాలు ముందే వెళ్లు. ఆప్ఫెల్‌షోర్లె తీసుకో. ఎవరైనా "ఇంకేమైనా కావాలా?" అంటే, కావాలనుకుంటే మొదటిసారికే "యా, గెర్నె" అనేయ్, అవును, సంతోషంగా అని. ఫోన్ బల్ల మీద పెట్టి అమ్మతో వీడియో కాల్ మాట్లాడొద్దు, బయటికెళ్లి మాట్లాడు. కట్టేటప్పుడు మొత్తం నోటితో చెప్పు.

ఎండలు వచ్చాక టీమ్ వాళ్లను నువ్వే బియర్‌గార్టెన్‌కి పిలువు. మ్యూనిక్‌లో ఒకప్పుడు బీరు చల్లగా ఉంచడానికి నేలమాళిగలు తవ్వి, పైన నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటేవాళ్లు. ఆ చెట్ల కింద బీరు అమ్ముతుంటే ఊళ్లో హోటళ్లవాళ్లు గొడవపెట్టారు. 1812లో రాజు మాక్సిమీలియన్ జోసెఫ్ తీర్పు చెప్పాడు: బీరు అమ్ముకోండి, కానీ రొట్టె తప్ప వేరే తిండి అమ్మకండి అని. దాంతో జనం ఇంటి నుంచి తిండి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ అలవాటును 1999లో బవేరియా ప్రభుత్వం బియర్‌గార్టెన్ నిబంధనలకు ఇచ్చిన వివరణలో కూడా రాసింది. ఇంగ్లీష్ గార్డెన్‌లో చైనీస్ టవర్ దగ్గర దాదాపు ఏడు వేలమంది కూర్చునే చోటు అలాంటిదే. పానీయం అక్కడే కొనాలి, తిండి మన ఇష్టం.

మా అమ్మ వచ్చిన ఏడాది జూన్‌లో ఆ చెట్ల కిందికి పులిహోర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు తీసుకెళ్లాం. అమ్మ బాగా బెదిరింది, ఎవరైనా లేపేస్తారేమోనని డబ్బా చీరకొంగు చాటున పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న ముసలి దంపతులు ఇంటి నుంచి తెచ్చుకున్న గళ్ల గుడ్డ పరుచుకుని, చీజ్, ముల్లంగి ముక్కలు, రొట్టె సర్దుకుంటున్నారు. ఆవిడ మా పసుపు అన్నం చూసి ఏమిటని అడిగింది. అమ్మ ఒక గరిటె పెట్టింది, ఆవిడ తిని ముల్లంగి ముక్కలు మా వైపు జరిపింది. అమ్మ రెండోసారి గరిటె ఎత్తింది, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ నా వైపు చూసింది. "నిజంగానే చాలు అంటోందమ్మా" అన్నాను.

వెళ్లినప్పుడు ఉత్త చెక్క బల్లలున్న వైపే కూర్చోండి. గుడ్డ పరిచి, కత్తీ ఫోర్కూ సర్ది ఉన్న బల్లలు వెయిటర్లు వడ్డించేవి, అక్కడ బయటి డబ్బా తెరవనివ్వరు.